తోక ఊపని తోడేలు

పోయిన నెలలో మనవరాలు పట్టుబట్టి నన్ను పట్నంలో జూకు తీసుకుపోయింది. మోకాళ్ల నొప్పులతో బెంచీ కనబడ్డ చోటల్లా కూర్చుంటూ పోతుంటే తోడేళ్ల దగ్గర చిన్న గుంపు కనిపించింది. లోపల ఒక తోడేలు జాలీ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తోంది. ఒకాయన కొడుకును భుజాల మీద కూర్చోబెట్టుకుని, "చూశావా, మనల్ని ఎట్లా తినాలా అని ఆలోచిస్తోంది. జిత్తులమారిది" అని చెబుతున్నాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "తినడానికి కాదు నాయనా. దానికి అసలు నువ్వు కనబడటమే లేదు. నీ వెనకాల ఆ చెట్ల అవతల ఏముందో చూస్తోంది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మనవరాలు "నానమ్మా, నీకెందుకు, రా" అని చెయ్యి లాగింది. నేను కదల్లేదు. తోడేలు సంగతి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మా అవ్వ ఒక తోడేలును పాలుపట్టి సాకింది. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి పెళ్లీడు వచ్చేదాకా నేను దాని ముందే పెరిగాను. అది క్రూరమైనది కాదు, జిత్తులమారిది కాదు, అట్లాగని మంచిదీ కాదు. అది తోడేలు. ఆ ఒక్క మాట ఒప్పించడానికి నన్ను కన్న మా అవ్వ ఊరు మొత్తంతో పెట్టుకుంది.

మాది బోధన్‌కు కొంచెం దూరంలో చెరుకు పండే ఊరు. ఇంటి కప్పు ఎక్కితే చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేది. చలికాలంలో ఫ్యాక్టరీ నడవటం మొదలైతే గాలే మారిపోయేది. పులిసిన బెల్లం వాసన, అందులో కొంచెం మగ్గిపోయిన పండు వాసన. ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన రాకపోతే పండుగ రానట్టే ఉండేది. చెరుకు బండ్లు వరసగా పోతుంటే పిల్లలందరం వెనక నుంచి గడలు గుంజేవాళ్లం. బండివాడు చూడకుండా లాగడం ఒక విద్య. గడ సగం వచ్చి ఇరుక్కుంటే వేలాడుతూ బండి వెంట పరుగెత్తాలి. నేను ఆడపిల్లనని ఎవరూ తగ్గించేవాళ్లు కాదు; అందరికంటే పొడుగు గడ నాదే. సాయంత్రానికి పెదవుల మూలలు కోసుకుపోయి, పచ్చిపులుసు తగిలితే భగ్గుమనేవి. "ఇంకింత తిను, మంచిగైతది" అనేది అవ్వ, కసిరినట్టుగా.

ఊరి బయట ఎత్తైన రాతిగోడతో ఒక మామిడితోట ఉండేది. దాన్ని సాబ్ తోట అనేవాళ్లు. సాబ్ వెనకటి రాజ్యంలో పెద్ద నౌకరీ చేసినాయన, పేరున్న వేటగాడు. ఆ రాజ్యం పోయింది, నౌకరీ పోయింది. గుర్రాలను అమ్మేశాడు. తుపాకీ ఠాణాలో అప్పజెప్పాడు. చివరికి ఒక టాంగా, తోట, అంతో ఇంతో భూమి, భార్య బేగం సాహెబా మిగిలారు. వేట మానేసినంక ఆయనకు ఒక చిత్రమైన పిచ్చి పట్టుకుంది. దెబ్బ తగిలిన జంతువు ఎక్కడ కనబడినా తోటలోకి తెచ్చేవాడు. రెక్క విరిగిన నెమలి, మూడుకాళ్ల నక్క, కుంటి మనుబోతు, ఉచ్చులో పడి మెడ కోసుకుపోయిన జింక. ఊరివాళ్లు నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

మా బాపు సాబ్ భూమిని కౌలుకు చేసేవాడు. అవ్వ తోటలో పేడకళ్లు ఎత్తి, కూరగాయల మడులకు నీళ్లు పెట్టేది. బేగం సాహెబా పరదాలో ఉండే మనిషి. వెదురు తెర వెనక నుంచి మాట్లాడేది. కానీ ఆమె తెలుగు మా తెలుగే, మధ్య మధ్య ఉర్దూ. రంజాన్‌కు మాకు గిన్నె నిండా షీర్ ఖుర్మా వచ్చేది. బతుకమ్మకు మా ఇంటి మలీద ముద్దలు ఆమెకు పోయేవి. నేను ఆలస్యంగా తీసుకుపోతే, "బేటీ, తొవ్వల ఎన్ని తిన్నవ్? నిజం చెప్పు" అనేది తెర వెనక నుంచి నవ్వుతూ. నేను నిజం చెప్పేదాన్ని కాదు.

తోడేలు వచ్చింది ఒక ఎండాకాలంలో. గొర్రెల వాళ్లు గుట్ట దగ్గర బొరియ తవ్వి తల్లి తోడేలును కట్టెలతో కొట్టి చంపారు. పిల్లలను కూడా కొట్టారు. ఒకటి మిగిలి ఉండగా సాబ్ టాంగా అటు నుంచి వచ్చింది. ఆయన దిగి, దాన్ని తన టోపీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

బేగం సాహెబా ఒప్పుకోలేదు. "కుక్క జాతి ఇంట్ల ఉంటే అల్లా పంపే ఫరిష్తాలు రారు. నేను నమాజు చదివే ఇల్లు ఇది. బయటికి తీస్కపొండి!" అని తెర వెనక నుంచి అరిచింది. సాబ్ టోపీ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు. పెద్ద వేటగాడు, ఆ రోజు బడికి ఆలస్యమైన పిల్లవాడిలా ఉన్నాడు. అప్పుడు మా అవ్వ చీపురు కింద పడేసి చేతులు చాపింది. "ఇటియ్యుండ్రి సాబ్. మా మేక ఈనింది."

అట్లా అది మా ఇంటికి వచ్చింది. నల్లటి ఉన్ని ముద్దలా ఉండేది. కళ్లు నీలంగా, ఇంకా దేనినీ సరిగా చూడనట్టు ఉండేవి. అవ్వ గుడ్డపేలికను మేకపాలలో ముంచి నోట్లో పెడితే చప్పుడు చేస్తూ జుర్రేది. కోడిపిల్లలను మూసే గంప కింద పడుకునేది. బాపు తల పట్టుకున్నాడు. "ఊరందరు నవ్వుతరే. గొర్లు తినేదానికి పాలు పోస్తరా ఎవలన్న?"

"ఇప్పుడైతే పాలే తాగుతున్నది" అంది అవ్వ.

వానాకాలం వచ్చేసరికి నీలం కళ్లు తేనె రంగుకు తిరిగాయి. కాళ్లు పొడుగయ్యాయి. అవ్వ చెయ్యి చాపితే వెనక్కి జరగడం మొదలుపెట్టింది. కోపంగా కాదు, మన చెయ్యికీ దాని ఒంటికీ మధ్య కొంత జాగా ఉండాలని దానికి తెలిసినట్టు. సాబ్ పాత గుర్రాల కొట్టాన్ని బాగు చేయించాడు. చుట్టూ గోడ, ముందు తోట వైపూ, గోడ కూలిన వెనక చెరుకు వైపూ మందమైన ఇనుప జాలీలు, లోపల పెద్ద వాకిలి, ఒక నీడ. దాన్ని అందులో పెట్టారు.

ఇక్కడి నుంచి నేను చూసినవి చెబుతాను. అది పొద్దున జాలీ వెంబడి నడిచేది. ఎప్పుడూ ఒకటే దారి; మట్టిలో దాని అడుగులకు సన్నటి కాలిబాట పడింది, ఆ బాట మీద గడ్డి మొలవలేదు. మాంసం వేస్తే మేము చూస్తుండగా ముట్టేది కాదు. మేము తిరిగి పోతున్నట్టు నటించి మామిడిచెట్టు చాటున నిలబడితే, ముందు గాలి వాసన చూసి, మేము అక్కడే ఉన్నామని తెలిసి, మళ్లీ పడుకునేది. దానిని మోసం చేయడం నా వల్ల కాలేదు. తిన్నాక మిగిలినది మూతితో గుంత చేసి పాతిపెట్టేది. ఎవరు వచ్చినా అరిచేది కాదు. మొరిగేదైతే అసలే కాదు. కళ్లలోకి చూసేది కాదు. చూసిందంటే మనమే తల దించుకోవాలి.

ఒకసారి హైదరాబాదు నుంచి సాబ్ బంధువు ఒకాయన వచ్చాడు. చిటికెలు వేశాడు, ఈల వేశాడు, ఎముక ఆడించాడు. అది గోడ వారగా పడుకుని అటు తిరిగింది. ఆయన చిన్నబోయి అవ్వతో అన్నాడు: "పాలు తాపి సాదినవంట. నువ్వు పిలిస్తే కూడ రాదు. తోకన్నా ఊపదు. విశ్వాసం లేని జాన్వర్."

అవ్వ పేడ తట్ట దించింది. "పాలు తాగినందుకు తోక ఊపాల్నా? దానికి ఆకలైంది, తాగింది. నా కాడ ఉన్నయి, పోసిన. గంతే. ఇందుల ఊపుడేంది?"

ఆయన ఎర్రబడ్డాడు. తెర వెనక గాజులు గలగలమన్నాయి. బేగం సాహెబా నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసింది.

ఆ మాట అవ్వ ఊరికే అనలేదు. బాపుకు అన్న అయిన మా పెద్దబాపు ఇంట్లో ఆమె అడుగు పెట్టినప్పుడల్లా, పెళ్లయిన కొత్తలో కరువు కాలాన తాము పెట్టిన మక్కజొన్న గట్కను వాళ్లు గుర్తు చేసేవాళ్లు. నలుగురిలో కూర్చుంటే లేచి మంచినీళ్లు ఇవ్వాలి, ఇవ్వకపోతే తిన్నది మరిచిపోయింది అనేవాళ్లు. అవ్వ నీళ్లు ఇచ్చేది. మొహం మాత్రం ఇచ్చేది కాదు.

ఇక ఫ్యాక్టరీ సైరన్ సంగతి. షిఫ్టు మారేటప్పుడల్లా అది కూసేది. ఊరివాళ్లు దాన్ని పట్టుకుని పొద్దు లెక్క కట్టేవాళ్లు. తోడేలుకు రెండో ఏడు నిండాక ఒక పొద్దున సైరన్ మోగగానే లేచి, నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, తల ఎత్తి కూసింది. సన్నగా మొదలై, పెరిగి, సైరన్ ఆగినంక కూడా ఒంటరిగా కొంతసేపు నిలిచి తగ్గిపోయింది. దాని జన్మలో అది విన్న పెద్ద గొంతు అదొక్కటే. తనవాళ్లే అనుకుందో ఏమో. అప్పటి నుంచి సైరన్ కూస్తే అదీ కూసేది.

పిల్లలకు అది ఆట అయింది. సైరన్, తోడేలు, తరవాత మేము. బడిలో కూడా. ఒకరోజు సారు, తోడేలు మేకపిల్లను మోసం చేసిన కథ చెబుతున్నాడు. "తోడేలు కపటమైన జంతువు. రాసుకోండి" అన్నాడు. నేను లేచి "కాదు సార్" అన్నాను. "ఏం కాదు?" "దానికి కపటం రాదు సార్. ఇష్టం లేకుంటే మొకం తిప్పుకుంటది. గంతే." క్లాసు గొల్లుమంది. సారు నన్ను బెంచీ ఎక్కించాడు. ఎక్కాను. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది, అటు తోట నుంచి కూత వచ్చింది. బెంచీ మీద నిలబడి నేను కూడా తల ఎత్తి కూశాను. సారు బెత్తం దెబ్బలకు అరచేతులు వాచిపోయాయి. అవ్వ పసుపు, నూనె రాస్తూ, "నొప్పి ఉన్నదా?" అని అడిగింది. లేదన్నాను. "మరి మంచిగ కూసినవా?" అంది.

ఊరి పెద్దలకు మాత్రం అది ఆట కాలేదు. ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా, బర్రె పాలివ్వకపోయినా ఆ కూత వల్లనే అనేవాళ్లు. సాబ్ ఉన్నంత కాలం గట్టిగా అనలేదు. సాబ్ ఒక చలికాలంలో గుండె ఆగి పోయాడు. బేగం సాహెబాను హైదరాబాదుకు రమ్మని బంధువులు వచ్చారు. తోట అమ్మేద్దామన్నారు. ఆమె తెర వెనక నుంచి ఒకే మాట చెప్పింది: "ఆయన జానవర్లు ఉన్నన్ని దినాలు నేను ఈడనే ఉంట." వాళ్లు కోపంతో వెళ్లిపోయారు.

ఆ మరుసటి ఏడు జరిగింది అసలు సంగతి. మంచు పట్టిన ఒక పొద్దున నేను అవ్వతో పాటు తోట వెనక వైపు నుంచి వస్తున్నాను. చెరుకు తోట మీద తెల్లగా మంచు. అవ్వ ఒక్కసారిగా ఆగి నా నోరు మూసింది. కొట్టం వెనక జాలీ దగ్గర, బయటి వైపు, ఇంకొక తోడేలు నిలబడి ఉంది. మన దానికంటే బక్కగా ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లోపలిది జాలీకి మూతి ఆనించింది. బయటిదీ ఆనించింది. రెండూ చప్పుడు చేయలేదు. లోపలిది అప్పుడు ఒక పని చేసింది, నేను అన్నేళ్లలో ఎన్నడూ చూడనిది. తోక ఊపింది. నెమ్మదిగా, కిందికి వేసి, రెండు మూడు సార్లు.

బయటిదానికి మా వాసన తగిలింది. ఒక్క దుముకులో చెరుకులోకి పోయింది. అవ్వ నా నోటి మీది చెయ్యి తీసింది. ఆమె కళ్లు నిండాయి. "సూసినవా," అంది, "దానికి తోక ఊపుడు వస్తదే."

కొన్నాళ్లకు గొర్రెల మందలో పిల్లలు పోవడం మొదలైంది. ఎరువు కోసం రైతులు కూలిచ్చి కోతలైన వరి మళ్లల్లో మందలు పెట్టించుకునే రోజులవి. మేము గొర్ల తాత అని పిలిచే ముసలాయన మందకే ఎక్కువ దెబ్బ తగిలింది. మంచి మనిషి. నోట్లో ఎప్పుడూ చుట్ట, చేతిలో ఉన్ని వడికే కదురు. ఒకరోజు పొద్దున ఆయన చచ్చిన గొర్రెపిల్లను భుజాన వేసుకుని ఊరి చావడికి వచ్చాడు. అక్కడి నుంచి ఊరంతా కట్టెలు పట్టుకుని తోట గేటుకు వచ్చింది. ముందు పటేలు. చెరుకు కోసే కూలీలు, బండ్లు ఆయన చెప్పుచేతల్లో ఉండేవి. ఎవరి చెరుకు ముందు పోవాలో, ఎవరిది ఎండిపోవాలో ఆయనే చెప్పాలి.

అవ్వ గేటు లోపల నిలబడింది. నేను ఆమె వెనక. బాపు గుంపులో ఉన్నాడు.

"బేగం సాబ్!" అని కేకేశాడు పటేలు. "సాబ్ ఉన్నప్పుడు మేం ఒక్క మాటనలే. ఇగ మా వల్ల గాదు. దాన్ని ఇయ్యాల సంపాలె. గేటు తీయిండ్రి."

గొర్ల తాత పిల్లను కింద పెట్టాడు. ఆయన అరవలేదు. "అమ్మా, నేను అబద్ధమాడుత లేను. లోపటిది కూస్తది, ఆ కూత పట్టుకొని బయటిది వస్తది. వచ్చినది మంద మీద పడ్తది. నేను ఏం తిని బతకాలె?"

గుంపులో నుంచి బాపు ముందుకు వచ్చి అవ్వతో మెల్లగా అన్నాడు: "ఇవుతలికి రా. ఊరంత ఒక్క దిక్కు ఉంటె నువ్వొక్కదానివి అటు నిలవడ్తవా? మన చెరుకు మొత్తం సేన్ల ఉన్నది."

"నిలవడ్త" అంది అవ్వ. గొంతు పెంచి తాతతో అంది: "మామా, నువ్వన్నది నిజమే. బయటిది వస్తది. నేను నా కండ్లతోని సూసిన."

నేను అవ్వ కొంగు పట్టుకుని లాగాను. ఎందుకు చెప్పిందా అనుకున్నాను.

"వచ్చింది, జాలీకి మూతి ఆనిచ్చింది, నిలవడ్డది. తోడబుట్టిందో, జత కోసం వచ్చిందో నాకెరుక లేదు. వెనకట మన ఊరోళ్లు జైల్ల ఉన్నప్పుడు మనం గోడ కాడికి పోలేదా? సంకల సద్ది పెట్టుకొని దినమంత నిలవడలేదా? బయటిది గొర్రెను తిన్నదని లోపటిదాన్ని సంపుతరా? అది గేటు దాటి ఎన్నడన్న వచ్చిందా? ఎవ్వలి పిల్లనన్న ముట్టిందా?"

"ఏం మాట్లాడుతున్నవే? తోడేలుకు వకాల్తా పట్టినవా?" అని పటేలు కట్టెతో గేటు మీద కొట్టాడు.

అప్పుడు వెదురు తెర కదిలింది. బేగం సాహెబా బయటికి వచ్చింది. బురఖా లేదు. తెల్లటి దుపట్టా తల మీద నుంచి కప్పుకుంది, ముఖం మాత్రం తెరిచే ఉంది. ఊళ్లో మగవాళ్లెవరూ ఆ ముఖాన్ని అంతకు ముందు చూడలేదు. సన్నగా, పొట్టిగా ఉంది. చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. గుంపులో చాలామంది తమకు తెలియకుండానే తలలు దించుకున్నారు. ఆమె నడిచి వచ్చి అవ్వ పక్కన నిలబడింది.

"పటేల్, గేటు కొట్టకు. అది నా మర్ద్ పెట్టించిన గేటు" అంది. తరవాత గొర్ల తాత వైపు తిరిగింది. "పెద్దమనిషీ, నీ నుక్సాన్ నిజం. నేను కాదనను. నీ మంద బయట పెడితే ఎవరు కాస్తరు? నా గోడ ఎత్తైంది. తీస్కరా. మందను నా తోటల పెట్టు. ఎండాకాలం దాక ఉంచుకో."

తాత నోట్లోంచి చుట్ట తీశాడు. "తోడేలు పక్కన్నా?"

"దాని గోడ దానికి, నా గోడ నీకు. బయటిది లోపటికి రాదు, లోపటిది బయటికి పోదు."

తాత చుట్ట నుసి దులిపాడు. "మరి ఎరువు?"

"ఎరువు నాకే" అంది బేగం సాహెబా వెంటనే. "మామిడి చెట్లకు ముఫత్‌గ వస్తది. నేనేం పాగల్నా?"

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. తాత కూడా నవ్వి, చచ్చిన పిల్లను మళ్లీ భుజాన వేసుకున్నాడు. "సాయంత్రం తోల్కొస్త" అన్నాడు. దాంతో గుంపు చెదిరిపోయింది. పటేలు మాత్రం పోతూ పోతూ బాపు ముందు ఆగాడు. "నీ పెండ్లాం మస్తు మాట్లాడింది. నీ చెరుకు ఎట్ల పోతదో సూస్త."

ఆ సాయంత్రం మంద తోటలోకి వచ్చింది. దుమ్ము, ఉన్ని వాసన, పిల్లల అరుపులు. తోడేలు నడవడం ఆపేసింది. చెవులు నిక్కబొడుచుకుని తోట వైపు జాలీ ముందు రాయిలా నిలబడింది. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. గొర్రెలన్నీ ఎదురు గోడకు ఒత్తుకుపోయాయి. ఆ రోజూ, మర్నాడూ అది తిండి ముట్టలేదు. కొన్నాళ్లకు గొర్రెలు అలవాటుపడి రాలిన మామిడాకులు ఏరుకుంటూ జాలీ దాకా వచ్చాయి. అది ముందు కాళ్ల మీద మూతి పెట్టుకుని పడుకుని వాటినే చూసేది. దానికి వాటి మీద జాలి కలిగిందని నేను చెప్పను. గేటు తెరిస్తే ఏం చేసేదో నాకు తెలుసు. గేటు తెరవకుండా చూసుకోవడం మనుషుల పని. దాని పని కాదు.

తాత దాని ఎదురుగా కూర్చుని ఉన్ని వడికేవాడు. ఒకనాడు అవ్వతో అన్నాడు: "కోడలా, దీని తల్లిని కొట్టింది నేనే."

"ఎరుకే మామా."

"దీనికి ఎరుకంటవా?"

"అడుగు పో" అంది అవ్వ.

ఆయన అడగలేదు. కానీ ఆనాటి నుంచి పుడుతూనే చచ్చిన గొర్రెపిల్ల ఉంటే పారేయకుండా దానికి వేసేవాడు. వేసి, తిరిగి చూడకుండా వచ్చేసేవాడు. ఎట్లా వేయాలో ఆయనకు అర్థమైంది.

పటేలు అన్నంత పని చేశాడు. అందరి చెరుకూ పోయింది. మాది నిలిచిపోయింది. ఫాల్గుణం దాటింది, ఎండలు ముదిరాయి, గడలు పూతకు వచ్చి, బెండులా తేలికైపోయాయి. బాపు పొద్దంతా గట్టు మీద కూర్చునేవాడు. ఇంట్లో అవ్వతో మాటలు లేవు. ఒకరోజు పెద్దబాపు వచ్చి, "పటేల్ కాళ్ల మీద పడుండ్రి. ఆయన దయగల్లోడు" అన్నాడు. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ పొయ్యి ఊదుతోంది, తల ఎత్తలేదు.

బాపు తువ్వాల దులుపుకుని లేచాడు. "నేను పడ" అన్నాడు. అంతే. మరుసటి రోజే ఎక్కడి నుంచో ఎడ్ల గానుగ తెచ్చి సాబ్ తోటలో పాతాడు. చెరుకు మేమే కోశాం: బాపు, అవ్వ, గొర్ల తాత, ఆయన కోడళ్లు, నేను. పెద్ద పెనం కింద మంట పెట్టింది బేగం సాహెబా టాంగా తోలే ఆయన. రసం మరుగుతుంటే నురుగు తీసి మామిడాకు మీద వేసి ఇచ్చేవాళ్లు; వేళ్లు కాలేవి, నాలుక కాలేది, అయినా ఆగేవాళ్లం కాదు. ఎండిన చెరుకు కదా, బెల్లం నల్లగా, బంకగా వచ్చింది. అచ్చులు నిలవలేదు. కుండల్లో పోశాం. కొంత అంగడిలో పోయింది, చాలా భాగం మేమే తిన్నాం. మక్క గట్కలో నల్ల బెల్లం, మళ్లీ మక్క గట్కలో నల్ల బెల్లం.

"పటేల్ చక్కెర పటేల్ తిననీ" అన్నాడు బాపు, మూతి తుడుచుకుంటూ. అవ్వ ఆయనకు ఇంకొంచెం వేసింది. ఆ ఏడు మాకు కొత్త బట్టలు లేవు. అంత సంతోషంగా తిన్న ఏడు కూడా ఇంకొకటి లేదు.

బయటి తోడేలు మళ్లీ కనబడలేదు. ఎవరైనా కొట్టారో, వేరే గుట్టలకు పోయిందో తెలియదు. మనది కొన్నాళ్లు వెనక జాలీ దగ్గర అదే చోట పడుకుంది. తరవాత మళ్లీ తన బాట మీద నడవడం మొదలుపెట్టింది.

అది ముసలిదయింది. మూతి చుట్టూ తెల్లబడింది, వెనక కాళ్లు బరువుగా ఈడ్చేది. ఒక శ్రావణంలో, ముసురు పట్టిన రోజు పగలు, నీడలోకి పోయి పడుకుని లేవలేదు. అవ్వ తలుపు తీసుకుని లోపలికి పోయింది. అన్నేళ్ల తరవాత మొదటిసారి దాని తల మీద చెయ్యి వేసింది. వేసి, వెంటనే తీసేసింది. బతికుండగా ఒప్పుకోనిది ఇప్పుడెందుకు అనుకుందేమో.

వార్త తెలిసి గంటలో మనుషులు వచ్చారు. తోడేలు గోరు మెడలో కడితే పిల్లలకు దడుపు రాదట. పన్ను ఉంటే అంగట్లో బేరం గెలుస్తారట. తోలు మీద కూర్చుంటే నడుం నొప్పి పోతుందట. బతికినన్నాళ్లూ దాన్ని అపశకునం అన్నవాళ్లే అందరూ. చివరికి పటేలు జీతగాడు గొడుగు వేసుకుని వచ్చాడు. "పటేల్ మనుమడు నిద్రల జడుసుకుంటున్నడట. ఒక్క గోరు అడిగిండు. పాత ముచ్చట మనసుల పెట్టుకోవద్దన్నడు."

అప్పటికి గొర్ల తాత, బాపు కలిసి కొట్టం లోపలే లోతుగా గుంత తవ్వి దాన్ని దించారు. బేగం సాహెబా గొడుగు కింద నిలబడి, పెదవులు కదిలిస్తూ ఏదో చదివింది. ఫరిష్తాలు రారన్న మనిషే. మట్టి పూడ్చారు. తాత రాళ్లు మోసుకొచ్చి పైన పేర్చాడు. అవ్వ వెళ్లి ఆ రాళ్ల మీద కూర్చుంది.

"ఒక్క గోరేనమ్మా" అన్నాడు జీతగాడు.

అవ్వ రెండు చేతులూ చాపింది. పేడ ఎత్తీ, మడులు తవ్వీ విరిగిపోయిన గోళ్లు. "నాయి కోస్కపొమ్మను పటేల్ను. దానియి ఇయ్య."

వాడు నిలబడి నిలబడి పోయాడు. అవ్వ లేవలేదు. వాన ఆగి, ఎండ వచ్చి, మళ్లీ వాన పడింది. నేను ఇంటికి పోయి రొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తెచ్చి ఇస్తే అక్కడే కూర్చుని తింది. నాకు పక్కన జాగా ఇచ్చింది. ఆ తరవాత కొన్ని రోజులు వంతులు వేసుకుని కూర్చున్నాం: అవ్వ, తాత, నేను, ఒకసారి బేగం సాహెబా కూడా. అడగడానికి రావడం మానేశారు.

వాళ్లలో ఇప్పుడెవరూ లేరు. బేగం సాహెబా ఆ తోటలోనే పోయింది, హైదరాబాదు పోలేదు. గోడ కూల్చారు, మామిడిచెట్లు కొట్టారు, రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. నేను రెండుసార్లు పోయి చూశాను. కొట్టం ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేకపోయాను. ఫర్వాలేదు. అంత లోతుగా తవ్వింది మా బాపు, తాత. ఆ గోళ్లు ఇప్పటికీ ఆ మట్టిలోనే ఉన్నాయి. ఎవరి మెడలోనూ లేవు.